మాజీ సైనికుల కుటుంబాలకు అందే సాయం: ముందు డిశ్చార్జ్ బుక్ తీసి చూడండి

గాంధీనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల్లో ఉంటున్న మాజీ సైనికులు, వాళ్ల భార్యలు, పిల్లలు, భర్తను పోగొట్టుకున్న మహిళల కోసం ఈ పాఠం. చదివే ముందు ఒక పని చేయండి. బీరువాలోంచి డిశ్చార్జ్ బుక్, పీపీఓ, ఇద్దరి ఆధార్ కార్డులు తీసి పక్కన పెట్టుకోండి. డిశ్చార్జ్ బుక్‌లో భార్య పేరు ఏ అక్షరాలతో ఉంది? పుట్టిన తేదీ ఏముంది? ఆధార్‌తో కలిపి చూడండి. రెండూ ఒకటే అయితే మీ పని సగం అయిపోయినట్టే.

పేరు దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

మన దగ్గర పేరు తేడా పడడం చాలా మామూలు. భర్తీ అయిన రోజుల్లో భార్య పేరు ఇంటిపేరు లేకుండా ఉత్త "లక్ష్మి" అని రాయించి ఉంటారు. ఆధార్‌లో ఇంటిపేరుతో సహా "లక్ష్మమ్మ" అని పడుతుంది. తెలుగు తెలియని గుమాస్తా ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ఇంకో అక్షరం మారుస్తాడు. పుట్టిన తేదీ సంగతి చెప్పనక్కర్లేదు. ఊళ్లో పుట్టినవాళ్లకు ఆధార్‌లో అందాజా తేదీ వేసిన ఇళ్లు ఎన్నో.

ఆయన బతికి ఉన్నన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ అడ్డం రాదు, పెన్షన్ ఆయన పేరు మీద పడుతూనే ఉంటుంది. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ అడిగినప్పుడు "ఈ లక్ష్మి, ఆ లక్ష్మమ్మ ఒక్కరేనా?" అనే ప్రశ్న వస్తుంది. అప్పుడు అఫిడవిట్లు, సాక్షులు, రికార్డు ఆఫీసుకు ఉత్తరాలు అంటూ నెలలు గడుస్తాయి. జవాబు చెప్పాల్సిన మనిషేమో లేడు. అందుకే ఈ పని ఆయన ఉండగానే, ఆయన సంతకంతోనే చేయించుకోవాలి. ఇంట్లో ఈ మాట ఎత్తడం భార్యకు ఇబ్బందిగానే ఉంటుంది, "నా చావు కోసం చూస్తున్నావా" అంటారేమోనని. ఈ పీడీఎఫ్ ఆయన చేతికిచ్చి చదవమనండి.

దిద్దించేది రికార్డు ఆఫీసు. ఈఎంఈ, ఏఓసీ వాళ్ల రికార్డులు మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. మద్రాస్ రెజిమెంట్‌వి వెల్లింగ్టన్‌లో, మద్రాస్ సాపర్స్‌వి బెంగళూరులో, ఆర్టిలరీవి నాసిక్ రోడ్‌లో. మీరు అంతదూరం పోనవసరం లేదు. దరఖాస్తు, అఫిడవిట్, ఆధార్, జంట ఫొటో, పెళ్లి రుజువు తీసుకుని సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే అక్కడి నుంచి పంపిస్తారు. మార్పు జరిగాక సవరించిన పీపీఓ వచ్చిందా లేదా అని స్పర్శ్ పోర్టల్‌లో మీరే చూసుకోవాలి. దరఖాస్తు ఇచ్చి వచ్చేస్తే పని అయిపోయిందనుకోవద్దు.

పెన్షన్ రాని ఇంటికి ఏమైనా ఉందా?

ఉంది. 15 ఏళ్ల సర్వీసు నిండక పెన్షన్ లేకుండా బయటికి వచ్చిన సిపాయిలు, వాళ్ల భార్యలు "మనకేం రాదులే" అని ఆఫీసు గడపే తొక్కరు. నిజానికి ఈ సాయం పెట్టింది వాళ్ల కోసమే. హవల్దార్, అంతకంటే కింది ర్యాంకు, లేదా నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లో దానికి సమానమైన ర్యాంకు అయి, వయసు 65 దాటి, పెన్షన్, వేరే స్థిరమైన ఆదాయం లేని మాజీ సైనికుడికి గానీ, ఆయన పోతే భార్యకు గానీ, కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. మొన్నటిదాకా నెలకు 4,000 రూపాయలు. 2025 నవంబరు 1 నుంచి అది 8,000 అయింది. బతికినన్నాళ్లు ఇస్తారు.

ఒక్క మెలిక. డిశ్చార్జ్ బుక్‌లో ఏ కారణంతో బయటికి వచ్చారో రాసి ఉంటుంది. సొంత కోరిక మీద మధ్యలో వచ్చేస్తే సాధారణంగా మాజీ సైనికుడి హోదా రాదు. ఆ పేజీ చదివించుకోండి. అర్థం కాకపోతే మీరే "రాదు" అని తేల్చుకోకుండా కార్యాలయంలో చూపించండి.

చదువు, పెళ్లి

హవల్దార్, అంతకంటే కింది ర్యాంకు వాళ్ల పిల్లలకు, పెన్షన్ వచ్చినా రాకపోయినా, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇద్దరికి చదువు సాయం ఉంది. ఒక్కొక్కరికి నెలకు 1,000 ఉండేది, ఇప్పుడు 2,000. భర్త పోయిన మహిళ తానే పీజీ చదువుతానంటే ఆమెకూ రెండేళ్లు ఇస్తారు. కూతురి పెళ్లికి, ఇద్దరు కూతుళ్ల వరకు, 50,000 నుంచి 1,00,000కు పెంచారు. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమెకూ ఇదే వర్తిస్తుంది. పెరిగిన మొత్తం కొత్త ఉత్తర్వు తర్వాత జరిగిన పెళ్లిళ్లకే. పెళ్లయిన 180 రోజుల లోపు దరఖాస్తు పెట్టాలి. పెళ్లి హడావుడిలో మ్యారేజ్ సర్టిఫికెట్ మర్చిపోయి, ఏడాది తర్వాత గుర్తొచ్చి అడిగితే లాభం ఉండదు.

ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి వృత్తి కోర్సులకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వేరు. దీనికి ర్యాంకుతో పనిలేదు గానీ మార్కులు కావాలి, ఇంటర్‌లో కనీసం 60 శాతం. అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500. దేశమంతటికీ కలిపి ఏటా ఇచ్చేవి 5,500 మాత్రమే కాబట్టి పోటీ గట్టిగానే ఉంటుంది. కౌన్సెలింగ్‌లో క్యాప్ కోటా అని సైనికుల పిల్లలకు సీట్లు ఉంటాయి. దానికి సైనిక సంక్షేమ శాఖ సర్టిఫికెట్ ముందే తెచ్చి పెట్టుకోవాలి.

అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కూర్చునే పిల్లలు ఎక్కువగా పొరబడే విషయం ఒకటి. సర్వీస్ కమిషన్ ఉద్యోగాల్లో మాజీ సైనికుడికి వయసు సడలింపు ఉంది, సర్వీసు చేసినన్ని ఏళ్లకు తోడు ఇంకో మూడేళ్లు. అది సైన్యంలో పనిచేసిన మనిషికే. కొడుక్కి, కూతురికి రాదు. నాన్న డిశ్చార్జ్ బుక్ పెట్టి ఆ గడిలో టిక్ కొడితే సర్టిఫికెట్ల పరిశీలనలో దెబ్బతింటారు.

ఆయన పోయిన తర్వాత

బ్యాంకుకు, స్పర్శ్‌కు వెంటనే చెప్పండి. ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉంది కదా అని ఆ తర్వాత పడిన పెన్షన్ తీయొద్దు, తర్వాత వసూలు చేస్తారు. మరణ ధ్రువీకరణ పత్రంలో ఆయన పేరు పీపీఓలో ఉన్నట్టే పడేలా, రాయించేటప్పుడే చూసుకోండి.

మామూలు ఫ్యామిలీ పెన్షన్ చివరి జీతంలో 30 శాతం. రిటైర్ అయ్యాక పోతే మొదటి ఏడేళ్లు, లేదా ఆయనకు 67 నిండే తేదీ వరకు, ఏది ముందైతే అప్పటిదాకా, 50 శాతం లెక్కన వస్తుంది. ఆ తర్వాత ఒక నెల డబ్బు తగ్గి పడుతుంది. ఎవరో తినేశారని కంగారు పడకండి, అది రూలే. ఎంత తగ్గినా 9,000కు, దాని మీద వచ్చే డీఆర్‌కు తక్కువ కాకూడదు. అంతకన్నా తక్కువ పడితే మాత్రం తప్పకుండా అడగండి. సర్వీసు వల్ల వచ్చిన జబ్బుతోనో ప్రమాదంలోనో పోతే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, 60 శాతం. శత్రువుతో పోరులో పోతే పూర్తి జీతం లెక్కన.

2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 కోట్లు, ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. ఆ వార్త అందరికీ తెలుసు. షుగర్‌తోనో గుండెపోటుతోనో ఇంట్లో కన్నుమూసిన నాయక్ భార్యకు ఏం వస్తుందో ఏ పేపర్లోనూ రాదు. అందుకే ఇక్కడ ఇంత వివరంగా రాశాం.

తల్లి కూడా లేకపోతే పిల్లలకు 25 ఏళ్ల వరకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. సంపాదించుకోలేని వికలాంగ బిడ్డకు జీవితాంతం. పెళ్లికాని, భర్త పోయిన, విడాకులైన కూతురికి 25 దాటినా, ఆదాయ పరిమితికి లోబడి, హక్కుంది. పుట్టింట్లో ఉంటున్న ఆడబిడ్డ ఉంటే ఈ వాక్యం ఆమెకు చూపించండి.

వైద్యం

2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ పెన్షన్ వచ్చే కుటుంబాలకే. పాలీక్లినిక్‌లో చూపించుకుని రిఫరల్ తీసుకుని ప్యానెల్ ఆస్పత్రికి వెళ్లాలి. ప్రాణం మీదికొస్తే రిఫరల్ కోసం ఆగొద్దు, దగ్గర్లో ఏది ఉంటే అక్కడికే వెళ్లండి. ప్యానెల్‌లో లేని ఆస్పత్రి అయితే 48 గంటల్లో పాలీక్లినిక్‌కు తెలియజేయండి. కొడుక్కి ఉద్యోగం గానీ పెళ్లి గానీ అయితే, లేదా 25 నిండితే, కార్డు ఆగిపోతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

సోమాజిగూడలోని సైనిక సంక్షేమ కార్యాలయానికి. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో రెడ్ లైన్‌కు మారి, ఖైరతాబాద్‌లో దిగి ఆటో తీసుకోవచ్చు. భర్త పోయిన మహిళ తన పేరు మీద గుర్తింపు కార్డు ముందు ఇక్కడే చేయించుకోవాలి, మిగతా దరఖాస్తులన్నీ దాని మీదే నడుస్తాయి. కేంద్రీయ సైనిక్ బోర్డు సాయాలకు దరఖాస్తు వాళ్ల వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. ఒరిజినల్స్ చూసి సిఫార్సు చేసేది ఈ కార్యాలయమే. ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్ ఎవరి దగ్గరా వదిలి రావొద్దు, చూపించి వెంట తెచ్చుకోండి.

దరఖాస్తుకు రుసుం లేదు. "గ్రాంటు శాంక్షన్ చేయిస్తా, ఇంత ఇవ్వండి" అన్నవాడు దళారి. "స్పర్శ్ నుంచి మాట్లాడుతున్నాం, మీ పెన్షన్ ఆగిపోతుంది" అని ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి.

పెన్షన్ నిజంగా ఆగేది లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే. నవంబరులో ఇవ్వాలి, 80 దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. మెట్లు దిగలేని పెద్దవాళ్లు ఉంటే పోస్టాఫీసులో చెప్పండి. పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి వేలిముద్రతో జీవన్ ప్రమాణ్ చేసిపెడతాడు, 70 రూపాయలు తీసుకుంటారు.