కార్డు లిమిట్ తగ్గించుకోవాలా? – సమజీవితం పాఠం





మన తాతల కాలంలో అప్పు తీర్చలేకపోతే ఆసామి ఇంట్లో జీతానికి ఉండాల్సి వచ్చేది. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పశువులు కాసేవాడు. బాబాసాహెబ్ మనకిచ్చిన రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఇప్పుడు చదువుకుని ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలకు బ్యాంకువాళ్లే ఫోన్ చేసి మరీ కార్డు ఇస్తున్నారు. ఇది వెట్టి కాదు. కానీ రాని జీతాన్ని ముందే ఖర్చు పెట్టినవాడు వచ్చే నెలంతా ఎవరికోసం పనిచేస్తున్నట్టు? ఈ ప్రశ్నతోనే పాఠం మొదలుపెడదాం.

1. త్రాసు పట్టుకున్న చెయ్యి

కోలియుల ఊరైన కక్కరపత్తంలో దీఘజాణు అనే గృహస్థు బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. మేం భార్యాబిడ్డలతో సంసారం చేసేవాళ్లం, మాకు పనికొచ్చే ధమ్మం చెప్పమని అడిగాడు. బుద్ధుడు నాలుగు విషయాలు చెప్పాడు: శ్రద్ధగా సంపాదించడం, సంపాదించింది కాపాడుకోవడం, మంచివాళ్లతో స్నేహం, సమజీవితం. అంగుత్తర నికాయంలో ఇది ఉంది.

సమజీవితం అంటే రాబడీ ఖర్చూ తెలిసి బతకడం. త్రాసు పట్టుకున్నవాడికి ఎటు ఎంత మొగ్గిందో తెలిసినట్టు మన లెక్క మనకు తెలియాలి. ఉన్నదానికి మించి ఖర్చు పెట్టడం తప్పన్నాడు. ఉండి కూడా కడుపు మాడ్చుకోవడమూ తప్పేనన్నాడు. రెండూ గుర్తుంచుకోండి.

ఇప్పుడు కార్డు చూద్దాం. జీతం 40 వేలు, లిమిట్ 2 లక్షలు అనుకోండి. "నా దగ్గర 2 లక్షలున్నాయి" అనిపిస్తుంది. లేవు! ఉన్నది 40 వేలే. ఆ 2 లక్షలూ అడిగితే ఇస్తామన్న అప్పు. దాన్ని రాబడి తట్టలో వేస్తే త్రాసు అబద్ధం చెప్తుంది.

2. మినిమం కడితే ఏమవుతుంది?

బిల్లు మొత్తం గడువులోపు కడితే వడ్డీ ఉండదు. అంతవరకు కార్డు మంచిదే. కట్టకపోతే?

60 వేల బిల్లు ఉందనుకుందాం. మినిమం 5 శాతం, అంటే 3,000 కట్టారు. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 2,100. దాని మీద 18 శాతం జీఎస్టీ 378. మొత్తం 2,478. మీరు కట్టిన 3,000లో అసలుకు చేరింది 522 రూపాయలే! పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నదానికి కూడా ఆరోజు నుంచే వడ్డీ. ఏటీఎంలో కార్డు పెట్టి డబ్బు తీస్తే మొదటి రోజు నుంచే వడ్డీ, ఆపైన ఫీజు.

ఈ వడ్డీ 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి హద్దు మనమే గీసుకోవాలి.

3. అయితే వెంటనే తగ్గించెయ్యాలా?

ఆగండి. మనలో చాలామందికి తాకట్టు పెట్టడానికి పొలం లేదు, అడిగితే లక్ష సర్దే మేనమామ లేడు. అర్ధరాత్రి ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టమంటే కార్డే దిక్కు కావచ్చు. అది కూడా లేకపోతే మళ్లీ నూటికి ఐదు రూపాయల వడ్డీవాడి గుమ్మమే.

ఇంకోటి. క్రెడిట్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. లిమిట్‌లో ఎంత వాడుతున్నారో కూడా అందులో లెక్కకొస్తుంది. 30 శాతం లోపు వాడడం మంచిదని సాధారణంగా చెప్తారు. 60 వేల బాకీ పెట్టుకుని లిమిట్‌ను 70 వేలకు దించితే, కార్డు నిండిపోయినట్టు కనిపించి స్కోరు దెబ్బతినొచ్చు. ఒకసారి తగ్గించాక మళ్లీ పెంచడం బ్యాంకు ఇష్టం.

4. ఎవరు ఏం చెయ్యాలి?

గత 12 బిల్లులు ముందు పెట్టుకోండి.

అన్నీ పూర్తిగా కట్టినవారు: తగ్గించాల్సిన పనిలేదు. మీ త్రాసు సరిగానే ఉంది.

బాకీ నడుస్తున్నవారు: ముందు కార్డు వాడకం ఆపండి, బాకీ తీర్చండి, తర్వాత తగ్గించండి. ఇంటి లోనుకు దరఖాస్తు పెట్టబోతుంటే అది అయ్యేదాకా ముట్టుకోకండి.

బాకీ తీర్చినా మళ్లీ మళ్లీ అందులోనే పడుతున్నవారు: తగ్గించండి, ఆలోచించకండి. సరుకులు, పెట్రోలు, కరెంటు బిల్లు కలిపి నెలకు 15 వేలు కార్డు మీద పెడతారా? అయితే 50 వేల లిమిట్ సరిపోతుంది. వాడేది 30 శాతం దగ్గరే ఉంటుంది, ఆపదకు 35 వేలు మిగులుతాయి. బావమరిది ఫోను కొనడానికి, పక్కింటివాళ్ల ఫంక్షన్‌కు మీ కార్డు అడిగినప్పుడు "నా లిమిట్ ఇంతే" అని నిజమే చెప్పొచ్చు. సాయం చెయ్యాలంటే ఉన్నదాంట్లోంచి దానం చెయ్యండి. అప్పు తెచ్చి దానం వద్దు.

5. మన హక్కులు

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మీ స్పష్టమైన అంగీకారం లేకుండా లిమిట్ పెంచకూడదు, అడగని కార్డు ఇవ్వకూడదు. ఫోన్ చేసినవాళ్లకు "వద్దు" అంటే చాలు, సంజాయిషీ అక్కర్లేదు. బాకీ లేని కార్డు మూసెయ్యమని కోరితే 7 పనిదినాల్లో మూసెయ్యాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మీకు చెల్లించాలి.

లిమిట్ తగ్గించే ముందు బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ ఖర్చుకు, స్వైపింగ్‌కు విడివిడిగా హద్దు పెట్టుకుని మూడు నెలలు చూడండి. కాకపోతే ఆ మూత మన చేతిలోనే ఉంటుంది, మనసు లాగినప్పుడు మనమే తీసేస్తాం. ఆ సంగతి మీకే తెలియాలి.

అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్థు సుఖాలు నాలుగు చెప్పాడు. అందులో ఒకటి అప్పు లేకపోవడం. కోట్లున్న వర్తకుడికి కూడా ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే, మొదటి తరం జీతగాళ్లమైన మనకు అది ఎంత అవసరమో ఆలోచించండి.

ఆదివారం వందన తర్వాత చర్చించండి

1. మీ ఇంట్లో రాబడి, ఖర్చు, కార్డు బాకీ ముగ్గురికైనా తెలుసా, ఒక్కరికేనా?
2. గత ఏడాది మినిమం మాత్రమే కట్టిన నెలలు ఎన్ని? ఆ ఖర్చు దేనికి?
3. ఆపద వస్తే వడ్డీవాడి దగ్గరికి పోకుండా మన విహారం సభ్యులు కలిసి ఒక చిన్న నిధి పెట్టుకోగలరా?

జై భీమ్!