టైరు ప్రక్కభాగమును చదువుడు

పంచాయతీ పికప్ బండికి టైర్లు కొనుటకై మన్సూరాబాదు, ఎల్.బి.నగర్ దుకాణములకు వచ్చు సభ్యులు మొదట ధర నడుగుదురు. మొదట చూడవలసినది టైరు ప్రక్కభాగము. కొలత ప్రక్కనున్న అంకె 100 అయినచో, తగిన గాలితో ఆ టైరు 800 కిలోలు మోయగలదు. బండి తయారీదారు సూచించిన అంకెకు తగ్గరాదు. తగ్గినచో నిండు బరువున టైరు వేడెక్కి పగులవచ్చును, ప్రాణాపాయమే! 2324 అను ముద్రకు 2024వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. కొటేషన్లలో ఈ రెండు అంకెలును వ్రాయించుడు. లేనిచో ధరలను పోల్చుట వ్యర్థము.

గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినచో మార్చక తప్పదు. వానలకు ముందే మార్చుట మేలు. రెండే కొనగలిగినచో వెనుక ఇరుసునకు వేయింపుడు. సరుకు దింపిన బండికి వెనుకభాగము తేలికగును, తడిరోడ్డుపై మొదట జారునది అదియే.