కాళ్లతో చేసిన దానం



"కూలికి పోతే గాని పూట గడవదు, మేమేం దానం చేస్తాం?" ఈ మాట మన వాడల్లో తరచుగా వినిపిస్తుంది. దానం అంటే ఉన్నవాళ్ల పని అని మనకు తెలియకుండానే మనసులో నాటుకుపోయింది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో పన్నెండవది పది పారమితలను పాటిస్తాననేది. ఆ పదింటిలో దానం ఒకటి, వీర్యం ఒకటి. ఆ రోజు ప్రతిజ్ఞ చేసినవాళ్లలో ఎక్కువమంది పేదలే. డబ్బున్నవాడికి మాత్రమే చేతనయ్యే పనిని బాబాసాహెబ్ వాళ్ల చేత ఒప్పిస్తారా? ఈ సంగతి అర్థం కావడానికి ఒక ముసలి రైతు గురించి తెలుసుకుందాం.

ఒక రైతు పరుగు

ఫౌజా సింగ్ గారిది పంజాబ్‌లో జలంధర్ దగ్గరి బియాస్ పిండ్. పాస్‌పోర్టు ప్రకారం పుట్టింది 1911 ఏప్రిల్ 1న. చదువు రాదు. చిన్నప్పుడు కాళ్లు బలహీనంగా ఉండి, ఐదేళ్లొచ్చేదాకా నడవలేదు. 1994లో కొడుకు కుల్దీప్ ప్రమాదంలో చనిపోయాడు. ఆ దుఃఖంతో కుంగిపోయిన మనిషి, లండన్‌లో ఇంకో కొడుకు దగ్గర ఉంటూ, ఎనభై దాటిన వయసులో పరుగు మొదలుపెట్టారు.

2000 సంవత్సరంలో, 89వ ఏట, లండన్ మారథాన్ పరుగెత్తారు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 6 గంటల 54 నిమిషాల్లో పూర్తిచేశారు. ఆ పరుగు నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కోసం పనిచేసే బ్లిస్ అనే సంస్థకు విరాళాల కోసం. అక్కడి పద్ధతి ఇది: పరుగెత్తేవాళ్లు ముందుగానే తెలిసినవాళ్లను అడుగుతారు. "నేనింత దూరం పరుగెడతాను, మీరు ఆ పిల్లలకు తోచినంత ఇవ్వండి" అంటారు. ఒకరు శ్రమ ఇస్తారు, పదిమంది డబ్బు ఇస్తారు.

చూశారా, ఆయన ఇచ్చింది జేబులోంచి కాదు. ఒకప్పుడు నడవలేకపోయిన ఆ కాళ్లనే ఇచ్చారు.

దుఃఖం ఎటు పోవాలి?

కిసాగోతమి కథ మనకు తెలుసు. చనిపోయిన బిడ్డను ఎత్తుకుని మందు కోసం తిరిగింది. చావు లేని ఇంటినుంచి ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. గడప గడపా తిరిగాక ఆమెకు తెలిసింది, దుఃఖం తన ఒక్కదానిదే కాదని. తన దుఃఖంలోంచి పక్కవాళ్ల దుఃఖం కనిపించడమే కరుణకు మొదలు.

బాబాసాహెబ్, రమాయి దంపతులు నలుగురు బిడ్డలను పోగొట్టుకున్నారు. చివరి బిడ్డ రాజరత్న పోయింది 1926 జులైలో. ఏడాది తిరక్కముందే, 1927 మార్చి 20న, బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగి మనందరి బిడ్డల దాహానికి దారి చూపారు. ఆయన దుఃఖం తీరిపోయి కాదు. దుఃఖం తీరేదాకా ఆగుదామనుకుంటే ఎవరూ ఏ పనీ చేయలేరు.

ఇది శరీరాన్ని హింసించడం కాదా?

మంచి ప్రశ్నే. సిద్ధార్థుడు ఆరేళ్లు శరీరాన్ని మాడ్చి, అది దారి కాదని వదిలేశాడు. మన పెద్దలు మొక్కుల పేరుతో పొర్లుదండాలు పెట్టారు, మోకాళ్ల మీద మెట్లెక్కారు. ఆ నొప్పితో ఏ బిడ్డకూ పాలు అందలేదు. నొప్పిలో పుణ్యం లేదు. ఫౌజా సింగ్ గారు నొప్పిని మొక్కుగా చెల్లించలేదు. శిక్షకుడి దగ్గర నేర్చుకుని, సాధనతో దూరం పెంచుకున్నారు. వెనుదిరగని ఆ ప్రయత్నమే వీర్యం. శక్తికి మించి ఒళ్లు విరుచుకోవడం మధ్యమ మార్గం కాదు.

పేరు కోసమా?

2011లో టొరంటోలో, నూరేళ్ల వయసులో, ఆయన మళ్లీ మారథాన్ పూర్తిచేశారు. జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్ పుస్తకంవారు రికార్డు ఇవ్వలేదు. కాగితాలు లేని పుట్టుకలు మన ఇళ్లలో ఎన్ని లేవు! రికార్డు రాకపోతే ఆ పసిగుడ్డులకు అందిన సాయం తగ్గిపోయిందా? లేదు. తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చిందే దాన పారమిత. ఫౌజా సింగ్ గారు సిక్కు, బౌద్ధులు కారు. అయినా కరుణ ఎక్కడ కనిపించినా నేర్చుకోవడం మన పని. 2025 జులై 14న సొంతూళ్లో వాహనం ఢీకొని ఆయన కన్నుమూశారు.

మనం చేయగలిగింది

వచ్చే ఏప్రిల్ 14న మీ వాడ యువతీయువకులు మూడు కిలోమీటర్లు పరుగెత్తవచ్చు. పెద్దవాళ్లు నడవవచ్చు. నెల ముందునుంచే రోజూ కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోండి. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే దిగాలి. ఒక్కొక్కరు పది ఇళ్ల గడప తొక్కి, హాస్టల్ పిల్లల నోటు పుస్తకాల కోసం తోచినంత అడగండి. పది రూపాయలైనా రాసుకోండి. లెక్కంతా విహారంలో అందరి ముందూ చదవండి. పిల్లల పేరు చెప్పి తెచ్చిన రూపాయి పక్కదారి పడితే రెండవ శీలం తప్పినట్టే.

చర్చించండి

1. డబ్బు కాకుండా మీరు ఇవ్వగలిగింది ఏమిటి? కాళ్లా, చదువా, వంటా, సమయమా?
2. మీ ఇంటి దుఃఖం మీకు ఎవరి దుఃఖాన్ని చూపించింది?
3. పేరు రాదని తెలిస్తే కూడా చేస్తారా?

మూడో ప్రశ్నకు జవాబు నోటితో కాదు, పనితో చెప్పండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!