మచ్చుకొక రకం, బస్తాకొక రకం పనికిరాదు

ఉప్పల్ ప్రక్కన నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉన్నది. కారం, పసుపు, నూనె వర్తకులకు ధరల పట్టీ ఎంత ముఖ్యమో అక్కడి నివేదిక కూడా అంతే ముఖ్యం. కొనుగోలుదారు కోరిన నాణ్యత లేని సరుకు అమ్మి నష్టపరిస్తే, 2006 నాటి ఆహార భద్రతా చట్టం 50వ సెక్షను క్రింద 5 లక్షల రూపాయల వరకు జరిమానా. నేరమైతే 66వ సెక్షను సంస్థతోపాటు దానిని నడిపే బాధ్యులను కూడా పట్టుకుంటుంది. భాగస్వామ్య ఫర్ములకూ మినహాయింపు లేదు. గుమస్తా పొరపాటు అంటే చెల్లదు. తగిన జాగ్రత్త తీసుకున్నట్టు యజమానే రుజువు చేయాలి. కనుక మచ్చుతో సరిపోలని బస్తాను త్రిప్పిపంపే అధికారం కాటా వద్ద గుమస్తాకే ఇవ్వాలి. లారీ ఆలస్యమైనా మందలించరాదు. యజమాని లక్ష్యపెట్టని నాణ్యతను జీతగాడు లక్ష్యపెట్టడు.