టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఎముకల్ని గుల్ల చేస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 53. మాది కరీంనగర్ జిల్లా. చిన్నప్పుడే మహారాష్ట్రలోని భివండి వచ్చి పద్మానగర్‌లో స్థిరపడ్డాం. సాంచాల (మరమగ్గాల) మీద రాత్రి పాళి (షిఫ్టు) చేస్తాను. పిట్యూటరీ గ్రంథిలో గడ్డకు ఆపరేషన్ అయినప్పటి నుంచి మూడు నెలలకోసారి టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్, రోజూ థైరాయిడ్, హైడ్రోకార్టిసోన్ మాత్రలు వాడుతున్నాను. నడుం నొప్పికి ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ తీస్తే వెన్నులో టి-స్కోరు మైనస్ 2.7 వచ్చింది. ఇంజెక్షన్ వల్లే ఇలా అయిందని తోటివాళ్లు అంటున్నారు. ఆపెయ్యాలా?

జవాబు: ఆపకండి. మీ ఎముకలు దెబ్బతిన్నది ఇంజెక్షన్ వల్ల కాదు, అది మొదలుపెట్టక ముందు ఒంట్లో హార్మోన్ లేకుండా గడిచిన కాలం వల్ల అయ్యుండాలి. టెస్టోస్టిరాన్‌లో కొంత శరీరంలోనే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. మగవాళ్లలోనూ ఎముకను కాపాడేది ఎక్కువగా అదే. రొమ్ములు పెరుగుతాయేమోనని కొందరు ఆ మార్పును అడ్డుకునే అనస్ట్రోజోల్ మాత్ర కూడా వేసుకుంటారు. అది ఎముకకు చేటు.

అలాగని ఇంజెక్షన్ ఒక్కటే సరిపోదు. 65 దాటిన మగవాళ్లపై చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాది టెస్టోస్టిరాన్‌తో వెన్నెముక సాంద్రత పెరిగింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో మాత్రం ఎముకలు విరగడం తగ్గలేదు సరికదా, మందు వాడినవారిలో 3.5 శాతం మందికి, వాడనివారిలో 2.5 శాతం మందికి విరిగాయి. వాళ్లు చాలావరకు మీలా గ్రంథి దెబ్బతిన్నవాళ్లు కారు కాబట్టి భయపడొద్దు. కానీ మైనస్ 2.7 అంటే ఎముకలు గుల్లబారినట్టే, వాటికి విడిగా మందు కావాలి.

ముందు వెన్నుకు ఎక్స్‌రే తీయించండి. పూస నలిగిందేమో చూడాలి. విటమిన్ డి, కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. ఇంజెక్షన్ వాడుతున్నారు కనుక రక్తం చిక్కదనం తెలిపే హిమటోక్రిట్, ప్రొస్టేట్ కోసం పీఎస్ఏ కూడా. థైరాయిడ్, హైడ్రోకార్టిసోన్ మోతాదు అవసరానికి మించితే ఎముకను కరిగిస్తాయి. మీ ఎండోక్రైన్ డాక్టరుతో సరిచూయించుకోండి. హైడ్రోకార్టిసోన్ సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొకటి, నొప్పులకని మందుల షాపులో పొట్లం కట్టి ఇచ్చే మాత్రలు ముట్టుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ కలిసే అవకాశం ఉంది.

ఎముకల మందుగా డాక్టరు వారానికోసారి 70 మి.గ్రా. అలెండ్రోనేట్ రాస్తే, రాత్రి పాళి వాళ్లకు చిక్కు ఒకటుంది. తెల్లారి ఇంటికొచ్చి మాత్ర మింగి పడుకుంటే అన్నవాహికలో పుండు పడొచ్చు. నిద్ర లేచాక పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకుని, అరగంట కూర్చోవడమో నిలబడడమో చేయండి. ఆ రోజు థైరాయిడ్ మాత్ర ఆ అరగంట తర్వాతే, చాయ్ ఇంకో అరగంటకు. కాల్షియం మాత్రకూ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. పళ్లు పీకించాల్సి ఉంటే అలెండ్రోనేట్ మొదలుపెట్టే ముందే పీకించండి.

పగలంతా నిద్ర, రాత్రంతా షెడ్డు. మీకు ఎండ తగిలేది ఎప్పుడు? విటమిన్ డి తక్కువని తేలితే 60 వేల యూనిట్లు వారానికోసారి ఎనిమిది వారాలు ఇస్తాం. రోజుకు వెయ్యి మి.గ్రా. కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగిపిండిలో 360 దాకా ఉంటుంది. అక్కడి కిరాణా కొట్లో నాచ్ణీ అని అడగండి. బీడీ, తాగుడు మానాల్సిందే.

పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడడాన్ని వ్యాయామంగా లెక్కపెట్టకండి. ఎక్స్‌రే చూశాక ఫిజియోథెరపిస్టు చెప్పినవి చేయండి. అప్పటిదాకా నూలు చుట్టిన భీము ఎత్తే పని ఇంకొకరికి అప్పగించండి, నేల మీద నూనె మరకలుంటే తుడిపించండి. ఏడాదికో రెండేళ్లకో డెక్సా మళ్లీ తీయిస్తారు. అదే సెంటర్లో, అదే మిషన్ మీద తీయించుకోండి.