గిటార్ వాయించేవాళ్ళకి పాట పాఠం: ముందు శ్రుతి, తర్వాతే కార్డ్స్

గిటార్ వాయిస్తూ భజన పాడాలని మనలో చాలామందికి ఉంటుంది. నాలుగు కార్డ్స్ వస్తే పాట వచ్చేసినట్టే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది. రామచంద్రపురంలో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతితో ఆ భ్రమ పోయింది. ఈ వారం వీడియోలో పాడి చూపించిన పాఠం అక్కడే మొదలైంది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత పాఠంలోకి వెళ్దాం.

మామ్మ ఎందుకు ఆగిపోయింది?

కార్తీకమాసంలో హైదరాబాద్ నుంచి ఊరికి వెళ్ళాను. ఉదయం ద్రాక్షారామం వెళ్ళి భీమేశ్వరస్వామి దర్శనం చేసుకుని వచ్చాం. సాయంత్రం ఇంట్లో భజన. ఐదేళ్ళుగా వీడియోలు చూసి నేర్చుకున్న గిటార్ కదా, ఉత్సాహంగా తీశాను. ఒక రామదాసు కీర్తన అందుకున్నాం. జి, సి, డి కార్డ్స్ నా వేళ్ళకి సులువు కాబట్టి జి లో మొదలుపెట్టాను. అందరూ బావుందన్నారు.

రాత్రి ఫోన్‌లో వీడియో చూసుకుంటుంటే కనపడింది. మామ్మ పల్లవి పాడింది. చరణం పైకి వెళ్ళగానే ఆగిపోయింది. పాట అయ్యేదాకా ఒట్టి తాళమే వేసింది. ఆ కీర్తన నాకు నేర్పింది ఆవిడే.

పొద్దున్నే అడిగాను, "చరణం పాడలేదేం మామ్మా?" అని. "నీ శ్రుతి నాకు అందలేదురా అబ్బాయ్. నువ్వు బానే వాయించుకున్నావులే" అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

ఆ రోజే మా వీధిలో ఉండే సంగీతం మాస్టారి దగ్గరికి వెళ్ళాను. గిటార్ కూడా పట్టుకెళ్ళాను. ఆయన శ్రుతిపెట్టె పెట్టి, "అది పక్కన పెట్టు బాబూ. ఒక్క 'స' పాడు" అన్నారు. పాడాను. కలవలేదు. పది నిమిషాలు ప్రయత్నిస్తే ఒక్కసారి కలిసింది. ఐదేళ్ళు వాయించినవాడికి ఒక్క 'స' రాలేదు!

ఎందుకిలా అవుతుంది?

గిటార్ మీద మెట్టు నొక్కితే స్వరం వస్తుంది. గొంతులో మెట్లు ఉండవు. అక్కడ దారి చూపించాల్సింది చెవి. పైగా స్ట్రమ్మింగ్ చేస్తున్నప్పుడు ఆరు తీగలు మోగుతుంటే, మన గొంతు కాస్త దిగినా ఆ హోరులో తెలియదు. వాయిద్యం మన తప్పుని దాచేస్తుంది.

మన గోదావరి వాళ్ళ పద్ధతి దీనికి తిరగేసి ఉండేది. మేండొలిన్ యు. శ్రీనివాస్ గారు 1969లో పాలకొల్లులో పుట్టారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. గురువుగారికి మేండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని అదే తీగల మీద పలికించేవాడు. 1978లో, తొమ్మిదేళ్ళ వయసులో, గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో ఆ పిల్లవాడు తొలి కచేరీ చేశాడు. అంటే పాశ్చాత్య వాయిద్యం మీద కర్ణాటక సంగీతం గొంతులోంచే వచ్చింది. మా పక్కనున్న ద్రాక్షారామంలోనే 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణ వినండి, తీగ పాడుతున్నట్టే ఉంటుంది. మనం మాత్రం చేతితో మొదలుపెట్టి గొంతుని వెనక లాక్కెళ్తున్నాం.

పాఠం: ఐదు మెట్లు

1. మీ శ్రుతి కనుక్కోండి. మన సంగీతంలో సి ని ఒకటి శ్రుతి అంటారు, సి షార్ప్ ఒకటిన్నర, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు. చాలామంది మగవాళ్ళకి ఒకటి నుంచి రెండు, ఆడవాళ్ళకి ఐదు నుంచి ఆరు సరిపోతుంది. వయసు పెరిగేకొద్దీ ఆడవాళ్ళ గొంతు సాధారణంగా కిందికి దిగుతుంది. కింద మంద్రస్థాయి పంచమం, పైన తారస్థాయి మధ్యమం కష్టపడకుండా అందితే అదే మీ శ్రుతి.

2. గిటార్‌ని తంబూర చేసుకోండి. అన్నిటికన్నా లావుగా ఉండే 6వ తీగని ఇ నుంచి డి కి దించండి. ఇప్పుడు ఏ మెట్టూ నొక్కకుండా 5వ తీగ, 4వ తీగ, మళ్ళీ 4వ తీగ, చివరికి 6వ తీగ నెమ్మదిగా మీటండి. తంబూరలో వినిపించే ప, స, స, కింది స అదే వరసలో వస్తాయి. ఇది రెండు శ్రుతి. కేపో 2వ మెట్టులో పెడితే మూడు, 3లో పెడితే నాలుగు, 5లో పెడితే ఐదు శ్రుతి అవుతుంది.

3. 'స' నిలపండి. ఆ నాదం మీద 'ఆ' అని ఒక ఊపిరి నిండా 'స' పాడండి. మధ్యలో తీగలు అరచేత్తో ఆపేసి పాడుతూనే ఉండండి. ఐదు లెక్కపెట్టాక మళ్ళీ మీటండి. కలిసి ఉన్నారా, జారారా తెలిసిపోతుంది. తర్వాత 'ప', పై 'స' ఇలాగే. మొదటి వారం ఇంతకు మించి వద్దు. విసుగ్గానే ఉంటుంది, నిజమే. కానీ నాకు గొంతు మారింది ఇక్కడే.

4. సరళీ స్వరాలు పాడండి. మొదటి పాఠాలు మాయామాళవగౌళలో ఉంటాయి, ఇది 15వ మేళకర్త. 4వ తీగ మీద 0, 1, 4, 5, 7, 8, 11, 12 మెట్లు నొక్కితే స నుంచి పై స దాకా వస్తుంది. అయితే ముందు పాడాలి, తర్వాతే గిటార్ మీద సరిచూసుకోవాలి. ఆదితాళం, ఎనిమిది లెక్కలు, మూడు కాలాలు. చెయ్యి తాళం వేస్తుంటే గిటార్ పట్టుకోవడం ఎలాగూ కుదరదు, అదీ మంచిదే!

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గిటార్ మెట్లు స్థాయిని 12 సమాన భాగాలు చేసి అమర్చినవి. అంతర గాంధారం శ్రుతిలో హాయిగా కలిసే చోటు, మెట్టు చూపించే చోటు కన్నా కాస్త కింద ఉంటుంది. తేడా సుమారు 14 సెంట్లు, అంటే ఒక మెట్టు దూరంలో ఏడో వంతు. కాబట్టి 'గ' దగ్గర మెట్టుని కాకుండా తంబూర నాదాన్ని నమ్మండి.

5. గొంతులో కుదిరాకే వేళ్ళకి ఇవ్వండి. కొత్త కీర్తన అయితే ఒక్కో పాదం శ్రుతి మీద పాడి, కుదిరాక తీగ మీద వెతుక్కోండి. కార్డ్స్ అన్నిటికన్నా చివర.

రోజుకి 20 నిమిషాలు, మండల దీక్షలా 41 రోజులు చేసి చూడండి. మొదటి రోజు, చివరి రోజు ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, తేడా మీకే తెలుస్తుంది. దగ్గర్లో గురువు దొరికితే తప్పకుండా వెళ్ళండి. మన తప్పు మనకి వినిపించదు, అదే కష్టం.

చివరిగా ఒక్క మాట

భజనలో శ్రుతి ఎవరిది? వాయించేవాడి వేళ్ళది కాదండీ. అక్కడ కూర్చున్నవాళ్ళందరి గొంతులది. గిటార్ తీసేముందు పెద్దవాళ్ళని ఒక పాదం పాడమనండి. వాళ్ళు ఎక్కడ ఎత్తుకుంటే అక్కడికి కేపో జరపండి. కేపో జరపడానికి మనకి ఐదు సెకన్లు పడుతుంది. వాళ్ళ గొంతు మాత్రం అలా జరగదు కదా.

మొన్న ఊరెళ్ళినప్పుడు అలాగే చేశాను. మామ్మ ఎత్తుకుంది, మూడు శ్రుతి. కేపో 2వ మెట్టులో పెట్టి, కార్డ్స్ మానేసి, తంబూరలా మీటుతూ వెనకాల పాడాను. చరణం వచ్చింది. మామ్మ ఆగలేదు. పాట అయ్యాక, "రెండో చరణంలో ఒక మాట తప్పు పాడావురా" అంది. ఆ మాట దిద్దుకుని ఇద్దరం మళ్ళీ మొదటి నుంచి పాడాం.

శుభం. వచ్చే వారం తాళం పాఠంతో కలుద్దాం. ఓం నమః శివాయ.