ప్యాసింజరుబండిలో భూగోళపాఠము

కోనసీమ బాలునకు రైలుబండి యేటికావలి వస్తువు. తూర్పున గౌతమియు, పడమట వసిష్ఠయు, దక్షిణమున సముద్రమును చుట్టియుండ, నడుమ వైనతేయ పారుచుండుటచే మన సీమ దీవివలె నున్నది. అమలాపురమువారు ముక్తేశ్వరపు రేవు దాటినగాని కోటిపల్లి చేరరు. రాజోలువారు సఖినేటిపల్లి రేవున పంటు నెక్కి నరసాపురము పోవుదురు. కొత్తపేటవారు రావులపాలెము మీదుగా జొన్నాడ వంతెన దాటి రాజమహేంద్రవరము చేరుదురు. ఇంత శ్రమపడి రైలు నెక్కు మనకు ఆ ప్రయాణము ఊరు చేరుటకేగాక దేశమును చూచుటకును ఉపయోగింపవలెనని మా యభిప్రాయము. అందులకు వేగముగా పోవు బండికంటె, చిన్న స్టేషనులందును నిలుచుచు పోవు ప్యాసింజరుబండియే మేలు.

మన సీమకు రైలు రాకుండుటకు ముఖ్యకారణము నీరే. మెత్తని ఒండ్రునేలలో వెడల్పైన నదులపై వంతెన కట్టవలెనన్న పునాదులను చాల లోతునకు దింపవలెను. అది బహుధనవ్యయముతో గూడిన పని. మఱియు ఆ కాలమున మనకు వేఱొక బాట యుండెను. సర్ ఆర్థరు కాటను దొర 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన పిమ్మట, కాలువలు పొలములకు నీరిచ్చుటయేగాక పడవలకు దారియు నిచ్చెను. ధాన్యమును, కొబ్బరికాయలును, మనుష్యులును ఆ పడవలపైననే పోయెడివారు.

అయినను రైలు మన గుమ్మము వఱకు వచ్చి మరలిపోయిన కథ యొకటి కలదు. కాకినాడనుండి కరప, రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా కోటిపల్లికి సుమారు 45 కిలోమీటర్ల మార్గము 1928లో వేయబడెను. పండ్రెండేండ్లు గడచునంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. ఇనుము యుద్ధమునకు కావలసివచ్చి 1940లో ఆ పట్టాలను ఊడదీసికొనిపోయిరి. మరల ఆ దారిని బండి నడచుట 2004లోనే. నడుమ 64 సంవత్సరములు గడచెను. తండ్రి యెక్కిన బండిని కుమారుడు చూడలేదు; మనుమడు చూచెను. పిమ్మట ఆ దారిని కొంతకాలము ఒంటిపెట్టె రైలుబస్సు వరిచేల నడుమ నడచెను. ఇనుపదారి యొకసారి పడినచో ఎన్నటికి నుండునని తలంపరాదని ఈ కథ మనకు నేర్పుచున్నది. చూడగలిగిననాడు కన్నులు తెఱచి చూడవలెను.

ఇక చూచుట యెట్లో రెండు ఉదాహరణములచే తెలుపుదుము. మొదటిది నదీభూమి. రాజమహేంద్రవరమున బండి యెక్కి కొవ్వూరువైపు పోవునపుడు ఎడమచేతి కిటికీకడ కూర్చుండుడు. ఆవైపు దక్షిణము. వంతెనపై బండి పోవుచున్నంతసేపు కానవచ్చు ఆ నీటి విస్తీర్ణము ధవళేశ్వరమున నదికి అడ్డుకట్ట యుండుటచే నిలిచిన నీరు. అచ్చటినుండియే గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలి మన సీమను తన నడుమ నిలిపినది. అనగా మన ఇంటి పుట్టుకను మనము ఆ కిటికీనుండి చూచుచున్నాము. వంతెనలును చదువదగినవే. 1897లో ఆరంభమై 1900లో పూర్తియైన హేవలాకు వంతెన 56 ఖానాలు గలది. 1997 వఱకు బండ్లను మోసి విశ్రమించెను. 1974లో పైన బస్సులును క్రింద రైళ్లును పోవు రెండవ వంతెన వచ్చెను. విల్లువలె వంగిన కమానులు గల మూడవది 1997లో వచ్చెను. మూడు తరముల పనితనము ఒకేచోట నున్నది.

రెండవది కొండభూమి. విశాఖపట్టణమునుండి ఉదయము బయలుదేరి కిరండూలు పోవు బండి యిందులకు తగినది. బైలదిల్ల ఇనుపరాతిని విశాఖ రేవునుండి జపానుదేశమునకు పంపుటకై 1960వ దశకమున ఈ మార్గము నిర్మింపబడెను. కొత్తవలస దాటిన పిమ్మట బండి తూర్పుకనుమల నెక్కసాగును. ఈ మార్గమున 58 సొరంగము లున్నవి. చీకటి, వెలుగు, లోయ, మరల చీకటి: ఇట్లు సాగుచు బండి సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తుననున్న శిమిలిగుడ చేరును. దారిలో బొర్రాగుహలు కలవు. సున్నపురాతిని నీరు బొట్టుబొట్టుగా కరగించి ఆ గుహలను తొలిచినది. మన యూళ్లలో ఒండ్రు తెచ్చి నేలను కట్టునదియు నీరే. అచ్చట రాతిని తొలుచునదియు నీరే. ఈ యొక్క మాట గ్రహించినవానికి టిక్కెట్టు సొమ్ము దక్కినట్లే. 2017లో ఈ బండికి అద్దపుకప్పు గల పెట్టెను చేర్చిరి. కాని సామాన్యపు పెట్టెలోని కిటికీయు పాఠమునకు చాలును.

విద్యార్థులు కొన్ని నియమములు పాటింపవలెను. బయలుదేరుటకు ముందు దేశపటమున మార్గమును గుర్తింపుడు. స్టేషను పలకపై పేరుతోబాటు సముద్రమట్టమునుండి ఎత్తు వ్రాయబడి యుండును. దానిని పుస్తకమున వ్రాసికొనుడు. ఆ యంకెలు పెరుగుటయు తగ్గుటయు చూచినచో నేల వాలు తెలియును. మన్ను రంగు ఎచ్చట మాఱెనో, వరి పోయి జొన్న ఎచ్చట వచ్చెనో, కొబ్బరి ఎచ్చట అంతరించెనో గమనింపుడు. ప్రక్కన కూర్చున్న రైతును మర్యాదతో అడుగుడు; ఏ పుస్తకమునను లేని సంగతి ఆయన చెప్పును. ద్వారముకడ వ్రేలాడుట, కిటికీనుండి తల వెలికి పెట్టుట ఎన్నడును కూడదు. తలిదండ్రులకును ఒక మనవి: పిల్లవాడు కిటికీకడ చోటు కోరినచో అల్లరి యని కసరకుడు.

కోటిపల్లినుండి అమలాపురము మీదుగా నరసాపురమునకు సుమారు 57 కిలోమీటర్ల మార్గము 2000-01లో మంజూరయ్యెను. అందులకై గౌతమీగర్భమున స్తంభములు లేచినవి. ఆ దారి గౌతమిని, వైనతేయను, వసిష్ఠను దాటవలసియున్నది. అది పూర్తియై మొదటి బండి వచ్చునాడు, మన బాలబాలికలు అందులో కూర్చుండి ఏ వంతెన క్రింద ఏ పాయ పారుచున్నదో, అది ఎచ్చట పుట్టి ఎచ్చట సముద్రమున కలియునో ప్రక్కవారికి చెప్పగలవారై యుండవలెను. అందులకు అభ్యాసము ఈ వేసవి సెలవులలోనే ఆరంభింపుడని మా కోరిక.